కోతకు ముందు నెల

“ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా. మరి ఇప్పుడిలా ఎందుకైంది?”

ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా సర్జరీ వార్డు వరండాలో ఈ మాట వినిపిస్తుంది. సక్సెస్ అన్న డాక్టరు అబద్ధం చెప్పలేదు. పెద్దపేగులో కణితి తీసేశారు, తెగిన కొసలు రెండూ కలిపి కుట్టారు, నెత్తురు పెద్దగా పోలేదు, మనిషి సాయంత్రానికి కళ్లు తెరిచి పిల్లల్ని పేరుపేరునా అడిగాడు. ఐదో రోజు రాత్రి చలిజ్వరం పట్టుకుంది. పొట్ట ఉబ్బి బిగుసుకుంది. పొట్టలో పెట్టిన గొట్టంలోంచి మురికి దిగడం మొదలైంది. మళ్లీ స్కానింగ్, మళ్లీ థియేటర్, ఆ తరువాత ఐసీయూ. బంధువుల చూపంతా అప్పుడు కత్తి పట్టిన చేతి మీదికి పోతుంది.

ఆ చేతిదే తప్పయిన సందర్భాలూ ఉంటాయి. వాటిని కప్పిపుచ్చడానికి రాస్తున్నది కాదిది. అయితే అదే సర్జన్, అదే థియేటర్, అదే కుట్టు అయినా ఒకరు వారంలోపే నడిచి ఇంటికి వెళ్తారు, ఇంకొకరు నెలల తరబడి మంచాన పడతారు. ఆ తేడాకు మూలాలు చాలాసార్లు ఆపరేషన్‌కి నెలా రెండు నెలల ముందే, వంటింట్లోనో, చుట్ట పొగలోనో, మందుల డబ్బాలోనో దొరుకుతాయి.

పొట్ట ఆపరేషన్లలో ఇది మరీ ముఖ్యం. పేగు లోపల కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. వాటిని లోపలే ఉంచుతూ, తెగిన గోడ అతుక్కోవాలి. మొదటి కొద్ది రోజులు ఆ అతుకును పట్టి ఉంచేది దారమో, స్టేప్లర్ పిన్నులో. తరువాత ఆ బరువు ఒంట్లో కొత్తగా తయారయ్యే కొలాజెన్ అనే పీచు మీద పడుతుంది. అందుకే పేగు కుట్టిన సర్జన్ వారం గడిచేదాకా నిశ్చింతగా ఉండడు. కొలాజెన్‌ను ఏ సర్జనూ కుట్టలేడు. రోగి ఒళ్లే దాన్ని తయారు చేసుకోవాలి. అందుకు మాంసకృత్తులు కావాలి, నెత్తురులో ఆక్సిజన్ కావాలి, షుగరు అదుపులో ఉండాలి. నానిపోయిన గుడ్డకు ఎంత పనివాడు కుట్టు వేసినా దారం చీల్చుకుని బయటికి వస్తుంది.

ఈ సంగతిని అంకెల్లో మొదట చూపినవాళ్లలో హైరమ్ స్టడ్లీ ఒకరు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్. కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్న తన రోగుల కాగితాలు ముందేసుకుని, ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎందుకని వెతికాడు. 1936లో అచ్చయిన ఆ వ్యాసంలో తేలింది ఇదీ: ఆపరేషన్‌కి ముందే ఒంటి బరువులో ఐదో వంతుకు మించి కోల్పోయినవాళ్లలో మూడింట ఒకరు చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో చావులు నూటికి మూడున్నర. పెన్సిలిన్ ఇంకా ఆసుపత్రులకు రాని రోజులవి. ఈనాటి చావుల లెక్క దానికి దరిదాపుల్లో లేదు. కానీ బరువు తగ్గిన మనిషికి ఎక్కువ ప్రమాదమన్న స్టడ్లీ మాట తొంభై ఏళ్లుగా నిలబడే ఉంది. దాన్ని కనిపెట్టడానికి ఆయనకు కావలసిన పరికరం కాటా ఒక్కటే.

ఆ కాటా మన దగ్గరా ప్రతి ఓపీలోనూ ఉంది. బరువు రాస్తారు కూడా. “ఆరు నెలల కిందట ఎంత ఉండేవారు?” అన్న రెండో ప్రశ్నే చాలాచోట్ల అడగరు. అరవై కిలోల మనిషి ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గితే, అంటే నూటికి పది, అది పెద్ద హెచ్చరిక. యూరప్‌లోని పోషకాహార వైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం అంతగా చిక్కిపోయినవాళ్లకి కేన్సర్ ఆపరేషన్ అయినా సరే ఒకటి రెండు వారాలు వెనక్కి జరిపి, ముందు తిండి పట్టించాలి. కేన్సర్ అనగానే రేపే కోసేయమని సర్జన్ మీద ఒత్తిడి పెట్టే కుటుంబాలు ఈ మాట ఒకటికి రెండుసార్లు వినాలి.

పప్పు తింటే చీము పడుతుందా?

మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే మొదట గుర్తొచ్చేది పథ్యం. కందిపప్పు తింటే కుట్లు చీము పడతాయి. గుడ్డు వేడి. వంకాయ దురద. పెరుగు నెమ్ము. మాంసం మాట ఎత్తడానికే వీల్లేదు. ఇవన్నీ తీసేశాక మిగిలేది చారన్నం, బీరకాయ కూర, కారప్పొడి, ఇడ్లీ. చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చేది బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. ఎంత ప్రేమతో చేసినా ఇది మనిషిని పస్తు పెట్టడమే.

చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లరక్తకణాల కుప్ప. ముద్దపప్పుతో దానికి ఏదైనా చుట్టరికం ఉందంటే రంగు ఒక్కటే. నమ్మకం కూడా బహుశా ఆ రంగు చూసే పుట్టి ఉంటుంది. చీము రాకుండా పోరాడే కణాలకూ, గాయం అతికే పీచుకూ ముడిసరుకు మాంసకృత్తులు. ఆపరేషన్ ముందూ తరువాతా కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా అవి కావాలంటారు. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములు, పెద్ద గ్లాసు పాలలో ఎనిమిది, ఉడికిన పప్పు ఒక కప్పులో ఏడెనిమిది ఉంటాయి. కొబ్బరినీళ్లలో లేవనే చెప్పాలి. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం నాలుగూ మానిపించి చారన్నంతో ఆ లెక్క ఎలా పూరిస్తారో పథ్యం చెప్పే పెద్దలే చెప్పాలి.

మూత్రపిండాలు చెడిపోయినవాళ్లకి ఈ లెక్క వేరు. పేగు కోసిన తరువాత ఏ రోజు ద్రవాలు, ఏ రోజు మెత్తటి అన్నం అన్నది సర్జనే చెప్పాలి. రెండో రోజే కోడికూర పెట్టమని ఎవరూ అనరు. నెలల తరబడి సరిగా తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టినా ప్రమాదమే. నెత్తురులో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అలాంటివాళ్లకి తిండి మెల్లమెల్లగా పెంచాలి.

తిండి గురించిన అపోహలు ఇళ్లకే పరిమితం అనుకుంటే పొరపాటు. పేగు ఆపరేషన్ అయినవాళ్లని గ్యాస్ పోయేదాకా, పేగుల చప్పుడు వినిపించేదాకా పస్తు ఉంచడం దశాబ్దాల పాటు ఆసుపత్రులు పాటించిన పథ్యం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో ఆ పట్టింపులను ఒక్కొక్కటే ప్రశ్నించాడు. ఆపరేషన్ రోజునే తాగించాడు, మంచం దించి నడిపించాడు, మత్తెక్కించే నొప్పిమందులు తగ్గించాడు, అక్కర్లేని గొట్టాలు తీసేశాడు. వారానికి మించి ఆసుపత్రిలో ఉండే పెద్దపేగు రోగుల్లో కొందరిని రెండు రోజుల్లో ఇంటికి పంపాడు. ఇప్పుడు ప్రపంచమంతా అనుసరిస్తున్న త్వరగా కోలుకునే పద్ధతులకు పునాది అదే.

రాత్రి పది తరువాత మంచినీళ్లు కూడా ముట్టొద్దన్న ఆంక్ష కూడా పాత పథ్యమే. కడుపు సాధారణంగా ఖాళీ అయ్యేవాళ్లు ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు దాకా తేలికపాటి ఆహారం, రెండు గంటల ముందు దాకా నీళ్లు తీసుకోవచ్చని మత్తు వైద్యుల మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. పేగు అడ్డుపడినవాళ్లకి, జీర్ణాశయం ఖాళీ కానివాళ్లకి ఇది వర్తించదు. అయినా మధ్యాహ్నం మూడింటికి వంతు వచ్చే పెద్దావిడ కిందటి రాత్రి నుంచీ గొంతు ఎండబెట్టుకుని కూర్చోవడం మన వార్డుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

నెత్తురులో ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రక్తపరీక్షలో అది డెసిలీటరుకు మూడు గ్రాముల కంటే తక్కువ ఉంటే ఇబ్బందులు పెరుగుతాయన్నది నిజం. వెంటనే ఖరీదైన ఆల్బుమిన్ సీసాలు కొనుక్కు రమ్మని చీటీ రాస్తారు. సీసా ఎక్కిస్తే రెండు రోజులు అంకె పెరుగుతుంది. మనిషి బలం పెరగదు. ఆల్బుమిన్ పడిపోవడానికి తిండి లేకపోవడం కంటే ఒంట్లో ఎక్కడో రగులుతున్న వాపో, ఇన్ఫెక్షనో, కాలేయం జబ్బో కారణమై ఉండటమే ఎక్కువ. కొన్ని కాలేయ జబ్బుల్లో ఆ సీసాలకు నిజమైన పని ఉంది. అంకెను అందంగా చూపించడానికైతే ఆ డబ్బు దండగ.

క్వార్టర్ లెక్క

మద్యం విషయంలో 1999లో డెన్మార్క్‌లోనే ఒక పరిశోధన జరిగింది. పెద్దపేగు ఆపరేషన్ కావలసిన, రోజుకు అరవై గ్రాముల ఆల్కహాల్‌కి తగ్గకుండా తాగేవాళ్లని రెండు జట్లు చేశారు. కాలేయం చెడినట్టు వాళ్లలో ఎవరికీ పైకి లక్షణాలు లేవు. ఒక జట్టు చేత ఆపరేషన్‌కి ముందు నెల రోజులు మాన్పించారు. రెండో జట్టు అలవాటు ప్రకారమే తాగింది. మానినవాళ్లలో నూటికి 31 మందికి ఇబ్బందులు వచ్చాయి. మాననివాళ్లలో 74 మందికి. ఇంత తేడా చూపించగల మందు నాకు తెలిసి ఏ ఫార్మసీ కౌంటర్లోనూ దొరకదు.

అరవై గ్రాములంటే ఎంత? మన వైన్ షాపులో దొరికే 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో దాదాపు అంతే ఉంటుంది. రోజుకో క్వార్టర్ వేసే మనిషిని మన ఊళ్లలో తాగుబోతు అనరు. “ఒళ్లు నొప్పులకి కొద్దిగా వేస్తాడు” అంటారు. భార్య డాక్టరు ముందు ఆ మాటైనా అనదు, పరువు పోతుందని. దాచినందుకు శిక్ష ఆపరేషన్ అయిన రెండో మూడో రోజున పడుతుంది. మందు అందక చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేని మనుషులు కనిపిస్తారు, సెలైన్ సూది పీకేసుకుంటాడు, కుట్లు తెగేలా లేచి కూర్చుంటాడు. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టే ఇళ్లున్నాయి. ముందే తెలిస్తే రాకుండా చూసే మందులున్నాయి. రోజూ తాగేవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపినా ఇదే ప్రమాదం కాబట్టి, ఆ మానడం కూడా డాక్టరుకు చెప్పే చేయాలి.

పొగ సంగతి మనకు పాఠంలా వినీ వినీ విసుగు. అందుకే ఒక్క అపోహ దగ్గరే ఆగుతాను. ఆపరేషన్‌కి కొద్ది రోజుల ముందు సిగరెట్ మానితే దగ్గు పెరిగి మరింత చేటు అని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు. తరువాతి పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించలేదు. నాలుగు వారాలు, అంతకు మించి మానితే మేలు ఎక్కువ. ముందు రోజు మానినా నెత్తురులో కార్బన్ మోనాక్సైడ్ తగ్గి ఆక్సిజన్‌కి చోటు దొరుకుతుంది. మోకాలి, తుంటి కీళ్ల మార్పిడి రోగుల మీద 2002లో వచ్చిన మరో డెన్మార్క్ పరిశోధనలో ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు నుంచీ పొగ మాన్పించే ప్రయత్నం చేసిన జట్టులో ఇబ్బందులు నూటికి 18, మిగతా జట్టులో 52. పొగ మన దగ్గర మగవాళ్ల అలవాటనుకుని ఆడవాళ్లని ఈ ప్రశ్న అడగకుండా వదిలేస్తారు. శ్రీకాకుళం తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే అవ్వల్ని చూసినవాళ్లెవరూ ఆ పొరపాటు చేయరు.

షుగరు దగ్గర పెద్దగా ఆగనక్కర్లేదు, తెలియనివాళ్లు లేరు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో అంకె ఎనిమిదిన్నర దాటితే, ఆగగలిగిన ఆపరేషన్ అయితే ఆగి అదుపులోకి తెచ్చుకోవడమే మేలు. కొత్తగా తెలుసుకోవలసింది మాత్రం ఒకటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఇప్పుడు మన ఊళ్లలో చాలామంది వేసుకుంటున్నారు. పస్తు ఉన్నప్పుడు వీటివల్ల షుగరు మామూలుగా కనిపిస్తూనే నెత్తురు ఆమ్లంగా మారిపోవచ్చు. సాధారణంగా మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. మత్తు డాక్టరుకు అది తెలియకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

రక్తహీనత కథ ఇంత సూటిగా ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనులు. పేగు కేన్సర్ వస్తే లోలోపల కారే నెత్తురుతో ఆ లోటు ఇంకా పెరుగుతుంది. రక్తం తక్కువున్నవాళ్లకి ఆపరేషన్ తరువాత చిక్కులు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. మరి ఐరన్ ఎక్కిస్తే చిక్కులు తగ్గుతాయా? బ్రిటన్‌లో పెద్ద పొట్ట ఆపరేషన్లకి పది నుంచి నలభై రెండు రోజుల ముందు సూదితో ఐరన్ ఇచ్చి చూశారు. 2020లో ఫలితం వచ్చింది. హిమోగ్లోబిన్ పెరిగింది. రక్తం ఎక్కించాల్సిన అవసరమూ చావులూ తగ్గలేదు. మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు మాత్రం కొంత తగ్గారు. కాబట్టి ఐరన్ దండగ అని కాదు. లోటు ఉంటే పూడ్చుకోవలసిందే. కొన్ని అంకెలు జబ్బుకు కారణాలు, కొన్ని జబ్బు ఎంత ముదిరిందో చెప్పే గుర్తులు. రెండింటినీ కలిపేసి గుర్తును చెరిపితే జబ్బు పోతుందనుకోవడం ఆల్బుమిన్ సీసా దగ్గర చూసిన పొరపాటే.

మూడు బంతులు

ఆపరేషన్ తరువాత ప్రాణం మీదికి తెచ్చేవాటిలో పేగు లీకు ఒకటైతే, నెమ్ము ఇంకొకటి. పై పొట్ట కోసినప్పుడు నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు. ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, అక్కడ కఫం చేరుతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఫిజియోథెరపిస్టులు ఆపరేషన్‌కి ముందు ఒకే ఒక్కసారి, అరగంట సేపు రోగి పక్కన కూర్చుని నెమ్ము ఎందుకు వస్తుందో, మెలకువ రాగానే ఊపిరి ఎలా తీయాలో చెప్పి చేయించి చూపారు. మిగతావాళ్లకి కరపత్రం మాత్రం ఇచ్చారు. 2018లో ప్రచురించిన లెక్క: కరపత్రం జట్టులో నూటికి 27 మందికి ఊపిరితిత్తుల చిక్కులు, అరగంట పాఠం విన్నవాళ్లలో 12.

మన ఆసుపత్రుల్లో ఆ పాఠానికి బదులు మూడు బంతుల ప్లాస్టిక్ మిషన్ కొనిపించి మంచం పక్కన పెడతారు. ఊదాలనుకుని చాలామంది ఊదుతూనే ఉంటారు. నిజానికి దాంట్లోంచి గాలిని లోపలికి పీల్చాలి, బంతులు పైకి లేవాలి. నెమ్మదిగా, లోతుగా పీల్చి కొన్ని క్షణాలు పట్టి ఉంచాలి. కోసిన చోట దిండు అదిమి పట్టుకుని దగ్గాలి. ఇదంతా కుట్లు పడ్డాక నేర్పితే ఎవరికి ఎక్కుతుంది? ముందే నేర్చుకుని రావాలి.

వయసును ఎవరూ మార్చలేరు. కానీ డెబ్బై ఐదేళ్ల ఇద్దరు ఒకటి కాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా, ఆగకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలరా అన్న ప్రశ్నలు పుట్టిన తేదీ కంటే ఎక్కువ చెప్తాయి. లావుగా ఉన్నవాళ్లలోనూ కండ కరిగిపోయి ఉండవచ్చు, బరువు చూసి మోసపోకూడదు. పెద్దవాళ్లు ఆపరేషన్ తరువాత అయోమయంలో పడితే మతి పోయిందని కంగారు పడతారు. కళ్లజోడు, చెవి మిషన్ ఇంట్లో వదిలేసి రావడం, రాత్రీ పగలూ తేడా తెలియని ఐసీయూ దీపాలు కూడా దానికి తోడవుతాయి. జోడు పెట్టి, పక్కన కూర్చుని ఇది ఆసుపత్రి, ఇవాళ మంగళవారం అని చెప్తూ ఉండే మనవరాలు చాలా మందుల కంటే నయం.

నెదర్లాండ్స్ పరిశోధకులు వీటన్నిటినీ కట్టగట్టి చూశారు. పెద్దపేగు కేన్సర్ రోగులకు నాలుగు వారాలు వ్యాయామం, మాంసకృత్తులు, మానసిక ధైర్యం, పొగ మాన్పించడం. 2023లో వచ్చిన ఫలితాల్లో తీవ్రమైన ఇబ్బందులు 29.7 శాతం నుంచి 17.1 శాతానికి తగ్గాయి. మన దగ్గర అంత ఏర్పాటు ఎక్కడిది అనవచ్చు. నిజమే, ఆరోగ్యశ్రీ ప్యాకేజీ అయినా ప్రైవేటు బీమా అయినా డబ్బు లెక్క కట్టేది ఆపరేషన్‌కి. ముందు నెల నడిచినందుకు, గుడ్లు తిన్నందుకు ఎవరూ బిల్లు పెట్టలేరు. అయితే స్కానింగ్ తీయించడం, బయాప్సీ రిపోర్టు రావడం, అనుమతి, తేదీ దొరకడం అంటూ మనవాళ్లకి ఎలాగూ రెండు నుంచి నాలుగు వారాలు గడుస్తున్నాయి. ఆ రోజుల్లో రోగిని మంచం దిగనివ్వకుండా, పప్పు మానిపించి, పరామర్శలతో నింపుతున్నాం. పొద్దునా సాయంత్రం అరగంట నడక, రోజుకు రెండు గుడ్లు, పెరుగు, పప్పు, పది గాఢమైన ఊపిరులు, ఆపిన చుట్ట. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నెల వ్యవధి లేనివాళ్ల మాటేమిటి? అల్సర్ చిల్లుపడి, అపెండిక్స్ పగిలి, పేగు మెలిపడి వచ్చేవాళ్లకి గంటలే లెక్క. వాళ్లలో చాలామంది ఆ గంటల్ని ఊళ్లోనే పోగొట్టుకుని వస్తారు. ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ ఒకటి, నొప్పి ఇంజెక్షన్ ఒకటి, రెండు సెలైన్లు, “పొద్దున చూద్దాం” అన్న హామీ. కీళ్లనొప్పులకని ఏళ్ల తరబడి మింగిన నొప్పిబిళ్లలే ఆ చిల్లుకు కారణమైన సందర్భాలున్నాయి. వాటితో పాటు తెల్లగా చిన్నగా ఉండే మాత్రో, పొట్లంలో కట్టిన పొడో స్టెరాయిడ్ అని చెప్పేవాళ్లుండరు. స్టెరాయిడ్ గాయాన్ని మాననివ్వదు, లోపలి చీముకు జ్వరం కూడా రాకుండా కప్పేస్తుంది, ఒక్కసారిగా ఆగిపోతే బీపీ పాతాళానికి పడిపోతుంది.

అలాంటి రాత్రి థియేటర్ తలుపు దగ్గర మత్తు డాక్టరు వచ్చి అడిగేది ఐదు నిమిషాలే. ఏం మందులు వాడుతున్నారు, ఆఖరుసారి ఏం తిన్నారు, తాగుతారా, పొగ ఉందా, ఎప్పుడైనా మెట్లెక్కితే ఆయాసమా. ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా మొత్తం, పొట్లాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. రక్తం పలచబడే మాత్ర, షుగరు మాత్ర, నాటుమందు, ఏదీ వదలకుండా. క్వార్టర్ అయితే క్వార్టర్ అనే చెప్పండి. ఆ డాక్టరు మీ పరువు గురించి ఆలోచించడు, రెండో రోజు రాత్రికి ఏ మందు సిద్ధంగా పెట్టాలో రాసుకుంటాడు.